మూలపడని యంత్రము

అనకాపల్లి నుండి వచ్చు బాట నర్సీపట్నము దాటిన పిమ్మట కొండదారియై లంబసింగి, చింతపల్లి వైపు ఎగబ్రాకును. ఆ మన్యపు బడులకు పోవు ఉపాధ్యాయుని సంచిలో నేడు ల్యాప్‌టాపునకును చోటు కలదు. బస్సు కుదుపులను, వానకాలపు చెమ్మను అది ఓర్చుకొనవలెను. అట్టివాడు అంగడిలో మెరయు సన్నని క్రొత్త యంత్రమును కొనవలెనా, పదేండ్లు దాటిన బరువైన పాత యంత్రమును కొనవలెనా? ప్రశ్న వినగానే నవ్వు వచ్చును గాని, నవ్వి త్రోసివేయదగినది కాదు.

ఐ.బి.ఎం. సంస్థ 1992లో థింక్‌ప్యాడ్ అను నల్లని ల్యాప్‌టాపును వెలువరించినది. రూపకర్తయైన రిచర్డ్ సాపర్ జర్మను దేశీయుడు. జపానువారు భోజనము సర్దుకొను నల్లని లక్కపెట్టె అతనికి స్ఫూర్తి. మూసినపుడు అది సాదా పెట్టె. తెరచినచో లోపల అన్నియు అమరి యుండును. 1993 డిసెంబరులో హబుల్ దూరదర్శినిని బాగుచేయబోయిన ఎండీవర్ వ్యోమనౌకలో ఈ జాతి యంత్రము కూడ ప్రయాణించినది. 2005లో ఈ వ్యాపారము చైనాకు చెందిన లెనోవో చేతికి వచ్చినది.

2011 నాటి టి420, ఎక్స్220 రకములను నేటికిని వెదకి కొనువారున్నారు. ఇది వట్టి మోజు కాదు. గొళ్ళెము జరిపినచో బ్యాటరీ చేతికి వచ్చును. కొన్ని మరలు విప్పి మెమరీని, డిస్కును, మీటల పలకను మార్చుకొనవచ్చును. మీటలపై నీరు ఒలికినచో క్రిందికి జారిపోవుటకు దారులున్నవి. అన్నిటికంటె మిన్న, ఏ మర ఎక్కడ విప్పవలెనో బొమ్మలతో తెలుపు మరమ్మతు గ్రంథమును తయారీదారులే అందరికిని అందించిరి. సైకిలు గొలుసు మార్చుకొన్నంత తేలిక కాకున్నను, పద్ధతి అదియే. నేటి సన్నని యంత్రములు పెక్కింటిలో మెమరీని ప్రధాన ఫలకమునకే అతికివేయుదురు. అది చెడినచో ఫలకమంతయు మార్చవలసినదే!

అయితే ఒడలు గట్టిగా నున్నను ఊపిరి ఆగుట కలదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. 2011 నాటి యంత్రములు విండోస్ 11 నియమములకు సరిపడవు. ఇట్టిచోట ఉచితముగా లభించు డెబియన్ వంటి లినక్సు ఆదుకొనును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే తావున్నది గనుక మన లిపికి కొరత లేదు. ఎనిమిది జీబీల మెమరీ, పాత డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చినచో ప్రశ్నపత్రములకు, మార్కుల పట్టికలకు, పాఠముల చిత్రములకు చాలును. చలనచిత్రములు కూర్చువానికి మాత్రము చాలదు.

2022లో లోకము పారవైచిన విద్యుత్ పరికరముల చెత్త 6.2 కోట్ల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడినట్లు లెక్కకెక్కినది నాలుగవ వంతునకు లోపే. ఆ లెక్క చూచిన పిమ్మట ఒక్క యంత్రము మరి అయిదేండ్లు పనిచేయుట చిన్న సంగతిగా తోచదు.

పాతదని కన్ను మూసికొని కొనరాదు. మూత కీళ్ళు వదులైనవా, ప్రతి మీటయు పలుకుచున్నదా అని చూడవలెను. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదకరము. దానిని వెంటనే తీసివేయింపవలెను. వెనుకటి యజమాని పెట్టిన ఆరంభపు సంకేతపదము తొలగనిచో బేరము మానుటయే మేలు. అడుగు మరల తలలు చెక్కుకుపోయి కనిపించెనా, ఎవరో మొరటుచేతివాడు ముందే విప్పినాడని తెలిసికొనవచ్చును.