ఒక ఆట వెనుక ఎన్ని చేతులు!



పిల్లలు వీడియో గేము ముందు కూర్చుంటే మనకు విసుగొస్తుంది. కాని ఆ ఆట తయారు కావాలంటే, పెళ్ళివంటకు మల్లే, ఎందరో తలో చెయ్యీ వేయాలి, తెలుసా?

జపానులోని క్యోటో నగరంలో నింటెండో కంపెనీ ఉంది. 1889లో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైంది. 1980లలో అక్కడ విభాగానికో పని. మసయుకి ఉయెమురా గారి విభాగం 1983లో టీవీకి తగిలించే ఫామికామ్ యంత్రాన్ని తెచ్చింది. గున్‌పే యొకొయి గారి విభాగం 1989లో చేతుల్లో ఇమిడే గేమ్‌బాయ్ చేసింది. ఆటలు కల్పించే విభాగంలో షిగెరు మియమోతో గారుండేవారు. 1985 నాటి సూపర్ మారియో ఆయన చలవే. దానికి బాణీలు కట్టింది కోజి కొండో గారు.

ఒక్క ఆటకే నియమాలు ఆలోచించేవారొకరు, బొమ్మలు వేసేవారొకరు, ప్రోగ్రాము రాసేవారొకరు. చివరికి ఆడి ఆడి తప్పులు పట్టేవారు వేరే.

ఆ కంపెనీలోనే అయా క్యోగొకు అనే ఆవిడ తొలుత ఆటల్లోని పాత్రలకు మాటలు రాశారు. 2020లో వచ్చిన యానిమల్ క్రాసింగ్ ఆటకు దర్శకురాలు ఆవిడే!

కనుక మీ అమ్మాయి కథలు రాస్తున్నా, బొమ్మలు గీస్తున్నా, "లెక్కలు రానిదానికి కంప్యూటరు కంపెనీలో పనేమిటి?" అని తీసిపారేయకండి. ఆ పంక్తిలో దానికీ ఒక పీట ఉంది.