ఎంసీబీ ఉందిగా... అనుకుంటే చాలదు!

ధనుర్మాసం వచ్చిందంటే తోట్లవల్లూరులో తెల్లవారుజామున చలి కృష్ణ ఒడ్డు మీంచే వస్తుంది. ఒకప్పుడైతే పెరట్లో కట్టెల పొయ్యి, దానిమీద రాగి కాగు... ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు అందులోవే. ఇప్పుడా పని బాత్‌రూమ్ గోడకు వేలాడే ఇన్‌స్టంట్ గీజర్‌ది. మూడు లీటర్ల డబ్బా, మూడు కిలోవాట్ల కాయిల్. స్విచ్చి వేసిన రెండు మూడు నిమిషాల్లో నీళ్ళు సిద్ధం!

సుఖమే. కానీ తడి ఒంటితో, చెప్పుల్లేని కాళ్ళతో కరెంటుకు ఇంత దగ్గరగా నిలబడేది ఇంట్లో ఇంకెక్కడ?

గీజర్‌లో వేడెక్కే తీగ నీళ్ళను నేరుగా తాకదు. చుట్టూ రాగి గొట్టం, మధ్యలో కరెంటును ఆపే పొడి దట్టించి ఉంటాయి. ఏళ్ళ తరబడి ఉప్పదనం, సున్నం పేరుకుంటే గొట్టం తినేస్తుంది. తోట్లవల్లూరు నుంచి దిగువకు, దివిసీమకు వెళితే చాలా చోట్ల బోరు నీరు ఉప్పన. అక్కడ కాయిళ్ళు త్వరగా పోతాయంటే ఆశ్చర్యం లేదు. గొట్టానికి సన్నటి చిల్లు పడితే చాలు, కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. గీజర్ మాత్రం మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది!

'మీటరు దగ్గర ఎంసీబీ ఉంది, అదే పడిపోతుందిలే' అనుకుంటారు చాలామంది. ఇక్కడే పొరపాటు. మూడు కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి పెట్టేది 16 ఆంపియర్ల ఎంసీబీ. అంటే 16 వేల మిల్లీ ఆంపియర్లు. మనిషికి ఒక మిల్లీ ఆంపియర్ తగిలితే చురుక్కుమంటుంది. పది దాటితే పట్టుకున్న చెయ్యి వదల్లేడు. ముప్ఫై దాటి కొద్ది క్షణాలు నిలిస్తే గుండె లయ తప్పొచ్చు. ఎంసీబీ దృష్టిలో ఇదంతా లెక్కలోకి రాని చిల్లర! అది కాపాడేది వైరును, మనిషిని కాదు.

వెళ్ళిందెంత? వచ్చిందెంత?

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని పని సులువే. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. కాలువ తలలో వదిలిన నీరు చివర తగ్గిందంటే మధ్యలో గండి పడినట్టే కదా! రెండింటికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఇది పడిపోతుంది, సెకనులో మూడో వంతులోపే. కొనేటప్పుడు దానిమీద 30 అని ఉందో లేదో చూడాలి. 100, 300 రాసి ఉన్నవి అగ్నిప్రమాదాల కోసం, మనుషుల కోసం కాదు. రబ్బరు తోటల కాలం నుంచీ తెలుగువాళ్ళున్న మలేసియాలోనైతే నేల తడిసే చోట 10 మిల్లీ ఆంపియర్లదే పెట్టాలని 1994 నాటి విద్యుత్ నిబంధనలే చెబుతాయి. అక్కడి ఇన్‌స్టంట్ హీటర్లలో చాలావాటికి ఈ రక్షణ లోపలే అమర్చి వస్తుంది.

ఎర్తింగ్ అక్కర్లేదా అంటే, ముందు కావలసింది అదే. ఎర్తు బాగుంటే లీకేజీ దాని గుండా పోతుంది, మనిషి ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్తు లేకపోతే మనిషే ఎర్తు అవుతాడు. షాకు తగిలాకే అది పడుతుంది! మూడో పిన్ను ఉన్నా వెనక తీగే లేని సాకెట్లు, ఇసుక నేలలో ఎండాకాలం నీళ్ళు పోయని ఎర్తు గొయ్యి... ఇలాంటివి కోకొల్లలు. ఇంకొందరు సాకెట్లోనే ఎర్తును న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, గీజర్ ఒళ్ళంతా కరెంటే.

మరో అలవాటు ఇంకా ఘోరం. వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేయించుకోవడం. పంపుసెట్టు బాడీ జిల్లుమంటే రైతు ముట్టుకుంటాడా? ఇంట్లో మాత్రం జిల్లుమనే కారణం వెతకకుండా, చెప్పే పరికరాన్నే తీసేస్తున్నారు!

'స్విచ్చి కట్టేసే స్నానం చేస్తాం' అన్న జాగ్రత్త మంచిదే. కానీ ఆ స్విచ్చి ఫేజు మీద ఉందో, పొరపాటున న్యూట్రల్ మీద ఉందో చూసుకోవాలి. న్యూట్రల్ మీద ఉంటే కట్టేసినా లోపల ఫేజు ఉంటుంది. టెస్టర్‌తో ఎలక్ట్రీషియన్ నిమిషంలో తేల్చేస్తాడు. ఆర్‌సీసీబీ మీద 'టి' అనే చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే దాన్ని మార్చేదాకా గీజర్ వేయకండి.