ఉద్యోగం దొరికిన తరువాతి మూడు నెలలు

యువతకు ఉపాధి కల్పిస్తున్నామని చెప్పే సంస్థలు సాధారణంగా ఒక లెక్క చూపిస్తాయి: ఎంతమందికి ఆఫర్ లెటర్లు ఇప్పించారో. మేము అడగదలచిన లెక్క వేరు. ఆరు నెలలు గడిచాక వారిలో ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారు?

పాడేరు నుండో పార్వతీపురం నుండో ఇంటర్ చదివిన ఒక అమ్మాయి హైదరాబాదులో బట్టల షోరూములో పనికి వచ్చిందనుకుందాం. పని నేర్చుకోవడం ఆమెకు పెద్ద కష్టం కాదు. కాని హాస్టలుకు అడ్వాన్సు ముందే కట్టాలి, జీతమేమో నెల పూర్తయ్యాకే వస్తుంది. రోజంతా నిలబడి కాళ్లు వాస్తాయి. రాత్రి షాపు మూశాక ఏ బస్సు ఎక్కాలో తెలియదు. సూపర్‌వైజరు అనరాని మాట అంటే ఎవరితో చెప్పుకోవాలో అసలే తెలియదు. మూడో వారంలో రైలెక్కి ఊరు చేరుతుంది. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని యజమాని అంటాడు. మన సంఘాలలో పెద్దలు కూడా ఆ మాటే అంటుంటారు. అది న్యాయమైన తీర్పు కాదు.

యజమానికి తన వ్యాపారం తెలుసు, ఆ అమ్మాయి ఇల్లు తెలియదు. గ్రామాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఆ ఇల్లు తెలుసు, కాని దాని చేతిలో ఉద్యోగం లేదు. ఇద్దరూ కలవవలసిన అవసరం ఇక్కడే ఉంది. మన హైదరాబాదులోనే పుట్టిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 'ల్యాబ్స్' అనే కార్యక్రమంలో ముందుగా యజమానుల దగ్గరకు వెళ్లి, మీకు ఎలాంటి పనివారు కావాలని అడిగి, ఆ తరువాతే శిక్షణ రూపొందించే పద్ధతిని పాటించింది. మనకు మాత్రం ఇంకా కుట్టుమిషన్లు కొని, ఆ తరువాత కుట్టించుకునేవారిని వెదికే అలవాటు పోలేదు!

కేంద్ర ప్రభుత్వం 2014లో గ్రామీణ పేద యువత కోసం ప్రారంభించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మార్గదర్శకాలలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. దానిని చాలామంది గమనించరు. ఉద్యోగంలో చేరినవారికి నెలకు 1000 రూపాయల చొప్పున, సొంత జిల్లాలోనే పని అయితే 2 నెలలు, రాష్ట్రంలో మరో జిల్లా అయితే 3 నెలలు, రాష్ట్రం దాటితే 6 నెలలు సహాయం ఇవ్వాలన్నారు. మొత్తం చిన్నదే. అయినా ఇంటికి ఎంత దూరమైతే అంత ఎక్కువకాలం తోడు కావాలని గ్రహించినవారు రాసిన నియమమది.

కంపెనీల వైపు చూస్తే, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయాలి. వృత్తి శిక్షణకు ఆ సొమ్ము వాడవచ్చు. అయితే తమ సొంత ఉద్యోగులకు మేలు చేసే పనులను ఆ ఖాతాలో చూపడం కుదరదు. అంటే ఆ అమ్మాయి గుమ్మం దాటి కంపెనీ ఉద్యోగి అయిన రోజు నుండి ఆమె యోగక్షేమాలకు కంపెనీ తన సొంత జేబులోనుండే పెట్టాలి. చాలా భాగస్వామ్యాలు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. సర్టిఫికెట్లు ఇచ్చే ఫోటో వరకు అందరూ ఉంటారు. అప్రెంటిస్ పేరుతో ఏడాది పని చేయించుకొని, వారిని పంపి మరో జట్టును తెచ్చుకునేవారూ ఉన్నారు. అలాంటివారికి పిల్లలను చేరవేసే సంస్థ సేవ చేస్తున్నట్టు కాదు, మేస్త్రీ పని చేస్తున్నట్టు.

ఈ విషయం క్రైస్తవులకు కొత్తది కాదు. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అనే యువకుడు తనవంటి బట్టల దుకాణపు గుమాస్తాలను కూర్చుకొని వై.ఎం.సి.ఏ. ప్రారంభించాడు. ఆ గుమాస్తాలు పనిచేసేదీ నిద్రించేదీ దుకాణం కప్పు క్రిందనే. అతని యజమాని జార్జి హిచ్‌కాక్ ఆ పనిని ఆపలేదు సరికదా, సంఘానికి మొదటి కోశాధికారి అయ్యాడు.

రూతు గ్రంథము రెండవ అధ్యాయము మనకు కంఠస్థమే. బోయజు పరిగె ఏరుకోనిచ్చి ఊరుకోలేదు. ఈ చిన్నది ఎవరని పనివారిపైనున్న వానిని విచారించాడు. ఆమెను ముట్టవద్దని యువకులకు ఆజ్ఞాపించాడు. దాహమైతే నీళ్లెక్కడున్నాయో చెప్పాడు, భోజనవేళ పిలిచి కూర్చోబెట్టాడు, తన పనికత్తెల వెంటనే ఉండమన్నాడు. నయోమి కూడా ఇంటి దగ్గర అదే సలహా ఇచ్చింది. పొలంలో ఒకరు, ఇంటి వద్ద ఒకరు ఆమె క్షేమం చూశారు గనుకనే యవలకోత, గోధుమలకోత ముగిసేవరకు రూతు అక్కడ నిలిచింది.

మన సంఘాలలో దుకాణాలు, ఆసుపత్రులు, నర్సింగ్ హోములు నడిపే విశ్వాసులున్నారు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల జీతంలో సగం పదిహేనో రోజుకే ఇవ్వడానికి వారికి ఏ చట్టమూ అడ్డురాదు. నగరంలోని సంఘాలకు వారమంతా తాళం వేసి ఉండే గదులున్నాయి. ఊరినుండి వచ్చిన అమ్మాయికి హాస్టలు దొరికేవరకు అవి పనికివస్తాయి. పల్లె పాస్టరుగారు ఒక ఫోను చేసి ఫలానా రైలుకు వస్తోందని చెబితే, స్టేషనుకు వెళ్లడానికి స్త్రీల సమాజంలో ఇద్దరు అక్కలు చాలు.