జీర్ణ మఠములను నిలుపుకొనుట



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టినదానిని నిలుపుకొనుట కట్టుటకంటె కష్టమని యనుభవమున నెఱిగినవారు మీలో ననేకులు గలరు. నేడు నేను చెప్పబోవునది దూరదేశమందలి యొక క్రైస్తవ మఠమును గూర్చి. మతము వేఱైనను రాయి, సున్నము, దూలము, వాన యందఱకు నొక్కటియే గదా!

గ్రీసు దేశపు టుత్తరభాగమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యొక భూభాగము గలదు. దాని కొనయందలి పర్వతము పేరు ఆథోస్. అచ్చట వేయేండ్లకు పైగా క్రైస్తవ సన్న్యాసులు నివసించుచున్నారు. ప్రధాన మఠములు 20. స్త్రీలకు ప్రవేశము లేదు. 1988లో యునెస్కో సంస్థ యీ ప్రదేశమును ప్రపంచ వారసత్వ సంపదలలో జేర్చినది.

ఆ యిరువదింటిలో హిలందార్ మఠము సెర్బియా దేశీయులది. సెర్బియా ప్రభువగు స్టెఫాన్ నెమాన్యా రాజ్యమును వీడి సన్న్యసించి, తన కుమారుడగు సావాతో గూడి, అప్పటికే పాడుపడియున్న యొక పాత మఠమును 1198లో పునరుద్ధరించెను. అనగా దీని పుట్టుకయే జీర్ణోద్ధరణమన్నమాట.

ఇట్టి మఠము 2004వ సంవత్సరము మార్చి 4వ తేదీకి ముందటి రాత్రి మంటల పాలయ్యెను. తెల్లవాఱునప్పటికి సగమునకు మించిన కట్టడములు దగ్ధమయ్యెను. సన్న్యాసుల నివాసములును అతిథి గృహములును బూడిదయ్యెను. ప్రధాన దేవాలయము మాత్రము దక్కినది. నిప్పు పుట్టినది యొక పొగగొట్టమునుండి యని చెప్పుదురు.

పొగగొట్టమునకును దూలమునకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. కట్టెలు మండునపుడు పొగతోగూడ మసియు జిగటపదార్థమును పైకిపోయి గొట్టపు లోగోడల కంటుకొనును. ఏండ్ల తరబడి తీయకున్నచో నది మందముగ పేరుకొని, యొకనాడు తానే యంటుకొనును. గొట్టమునందు బీటలున్నచో నా వేడి గోడలోని దూలమునకు సోకును. దూలము బయటికి గనబడకయే లోలోపల రాజుకొని, జనులు నిద్రించువేళ మండిపోవును. పాత కట్టడములలో అంతస్తులును, కప్పులును, మెట్లును కఱ్ఱవియే గనుక మంట యొక గదినుండి మఱియొక గదికి పాకుట క్షణముల పని.

పిమ్మట సన్న్యాసులు తొందరపడి కొత్త మేడలు లేపలేదు. మొదట శిథిలములను తొలగించి, నిలిచియున్న గోడలకు ఊతములిచ్చిరి. ఏ గోడ నిలుచును, ఏ గోడను విప్పవలెనని పరీక్షించిరి. పాత కొలతలను, పాత పద్ధతులను అనుసరించి ఒక్కొక్క భాగమును మరల కట్టుచు వచ్చిరి. పదేండ్లు గడచిన పిమ్మటను పని సాగుచునేయుండెను. ఒక రాత్రి పోయినదానిని తెచ్చుకొనుటకు ఒక తరము పని పట్టినది.

ఇచ్చట సున్నమును గూర్చి యొక మాట. పాత గోడలలోని రాళ్లను కూర్చినది సున్నపుటడుసు. మన గానుగ సున్నమును మీరెఱుగుదురు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడును. గోడ కొంచెము కదలినను తాళుకొనును. లోనికి చేరిన చెమ్మను బయటికి పోనిచ్చును. సిమెంటు త్వరగా గట్టిపడును, మిక్కిలి బలమైనదియు. కాని పాత గోడపై దానిని మెత్తినచో చెమ్మ లోపలనే చిక్కుకొనును. ఆ చెమ్మలోని యుప్పు రాతిలో గడ్డకట్టి, రాతిని పొరలు పొరలుగా రాల్చివేయును. బలము కొఱకు చేసిన పనియే గోడకు చేటు తెచ్చును. కావున పాతదానిని బాగుచేయునపుడు దేనితో కట్టిరో ముందు తెలిసికొనవలెను.

కప్పు విషయమును అట్టిదే. జారిన యొక్క పలకను ఆ యేడే సరిచేసిన నొక పూట పని. విడిచినచో వాననీరు దూలము కొనలకు దిగి, గోడలో దాగియున్న భాగమును కుళ్లించును. పైకి చక్కగా గనబడు దూలము ఒకనాడు హఠాత్తుగ క్రుంగును.

మీ గ్రామమందును ఒక దేవళమో, మసీదో, చర్చియో, తాతలనాటి మండువా యిల్లో యుండకపోదు. వానకాలమునకు ముందొకమారు కప్పెక్కి చూడుడు. గోడల యందు మొలచిన రావిమొక్కలను చిన్నవిగా నున్నపుడే తీయుడు. నీరు పోవు దారిని శుభ్రపఱచుడు. వంటయింటి పొగదారిలోని మసిని ఏటేట తుడిపింపుడు. పాతపని యెఱిగిన తాపీమేస్త్రి యుండగనే చిన్నవారిచేత నా విద్యను నేర్పింపుడు. జీర్ణోద్ధరణము గొప్ప పుణ్యమందురు. జీర్ణము కాకుండ కాపాడుట అంతకంటె గొప్పది. వ్యయమును మిక్కిలి తక్కువ.