దొంగ నొప్పులా? కాన్పు నొప్పులా?

తొలి కాన్పు కదా, ఎనిమిదో నెలలో అక్క మిర్యాలగూడ నుంచి కోదాడలోని మా ఇంటికి వచ్చింది. చూపించుకునేది మాత్రం సూర్యాపేటలో. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి డ్రైవర్ డ్యూటీ నాదే.

ఓ రాత్రి పదకొండింటికి అక్క పొట్ట రాయిలా గట్టిపడింది. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. ఒకసారి పన్నెండు నిమిషాలకు, తర్వాత ఇరవై ఐదుకు, మళ్లీ ఎనిమిదికి... లెక్కకు అందట్లేదు. మిర్యాలగూడ నుంచి బావ ఒకటే ఫోన్లు. నాయనమ్మ మాత్రం చెంబుతో నీళ్లు తాగించి, "ఎడమ పక్కకు తిరిగి పండుకో బిడ్డా, గివి దొంగ నొప్పులు" అంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "గంటలో తగ్గకపోతే తీసుకురండి" అన్నారు. అర్ధరాత్రికల్లా తగ్గిపోయాయి.

ఈ దొంగ నొప్పుల గురించి 1872లో రాసిన ఇంగ్లిష్ డాక్టర్ జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్. వైద్యపుస్తకాల్లో వీటికి ఆయన పేరే ఉంది.

తొమ్మిది నెలలూ ఏం జరుగుతుంది?

మామూలుగా 70 గ్రాములుండే గర్భసంచి, నెలలు నిండేసరికి కిలో దాటుతుంది. అది మొత్తం కండరమే. బిడ్డ ఎదిగేదాకా ఆ కండరాన్ని నిద్రపుచ్చి ఉంచేది ప్రొజెస్టెరాన్ హార్మోన్. మధ్యలో అక్కడక్కడా బిగుసుకున్నా, ఆ బిగువు మొత్తం సంచికి పాకదు. అందుకే దొంగ నొప్పులకు వరస ఉండదు.

చివరి వారాల్లో సీన్ మారుతుంది. కండర కణాల మధ్య గ్యాప్ జంక్షన్లనే దారులు పెరుగుతాయి. మా భాషలో చెప్పాలంటే, విడివిడిగా ఉన్న సిస్టమ్స్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వస్తాయి. ఒకచోట పుట్టిన సిగ్నల్ సంచి అంతా పాకుతుంది. ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలూ పెరుగుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరుస్తాయి. బిడ్డ తల అక్కడ ఒత్తుతున్నకొద్దీ మెదడు నుంచి మరింత ఆక్సిటోసిన్ వస్తుంది. నొప్పే నొప్పిని పెంచుతుందన్నమాట. ఈ ఆక్సిటోసిన్‌ను 1953లో ల్యాబ్‌లో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

తేడా ఎలా తెలుస్తుంది?

నీళ్లు తాగి, పక్కకు తిరిగి పడుకుంటే తగ్గేవి చాలావరకు దొంగ నొప్పులు. అసలు నొప్పులు ఎలా పడుకున్నా ఆగవు. మధ్య విరామం తగ్గుతూ, బలం పెరుగుతూ వస్తాయి. చాలామందికి నడుములో మొదలై ముందుకు పాకుతాయి.

కానీ 37 వారాలు నిండకముందే నొప్పులు వరసగా వస్తుంటే 'దొంగ నొప్పులే' అని ఇంట్లో కూర్చోకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా స్టాప్‌వాచ్‌తో పనిలేదు. 108కు ఫోన్ చేయాల్సిందే. తొలి కాన్పుకు ఐదు నిమిషాలకోసారి వచ్చేదాకా ఆగొచ్చని అంటుంటారు. అది ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవాళ్లకు. కోదాడ నుంచి సూర్యాపేటకు నలభై కిలోమీటర్ల పైనే. ఎప్పుడు బయల్దేరాలో డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే ఎక్కువ. అవసరమైతే ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నొప్పి అంటే ఏమిటో ముందే తెలిస్తే సగం భయం పోతుందని అక్కను చూశాక అనిపించింది.

ముప్పై తొమ్మిదో వారంలో, తెల్లవారుజామున మూడింటికి మళ్లీ స్టాప్‌వాచ్. పది, తొమ్మిది, ఏడు. నాయనమ్మ ఈసారి నీళ్లివ్వలేదు. "ఇగ బండి తియ్యి" అంది. మధ్యాహ్నానికి మేనకోడలు పుట్టింది.

కాన్పయ్యాక నర్సమ్మ అక్క పొట్ట ఒత్తి చూస్తుంటే కంగారుపడ్డాను. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా బిగుసుకుంటేనే తెగిన రక్తనాళాలు మూసుకుంటాయట, లేదంటే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుందట. అందుకే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

"రాయిలా ఉంది, భయం లేదు" అంది నర్సమ్మ. ఆ రాత్రి మమ్మల్ని హడలగొట్టిన మాటే అది. ఈసారి వినగానే బావ కుర్చీలో కూలబడి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.