బిడ్డను చూసుకునే ఆమెకు వేతనం ఏ రూపంలో?

బ్రిటన్‌లో స్థిరపడిన మనవారిలో కొందరికి ‘చైల్డ్‌కేర్ వోచర్లు’ సుపరిచితం. జీతంలో కొంత భాగాన్ని యజమాని రొక్కంగా కాక వోచరుగా ఇచ్చేవాడు. ఆ మేరకు పన్ను ఉండేది కాదు. ప్రభుత్వం వద్ద నమోదైన ఆయాకు వాటితో చెల్లించేవారు. 2018 అక్టోబరు నుండి కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది. ఇప్పటి పద్ధతిలో తల్లిదండ్రులు 8 పౌండ్లు జమ చేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది.

తొర్రూరులో అటువంటి ఏర్పాటు లేదు. 2017 సవరణ ప్రకారం 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. దుకాణాల్లో, చిన్న బడుల్లో పనిచేసే మన ఆడబిడ్డలకు అది అందేది కాదు. అందుకే పొరుగింటి ఖాలాకు బిడ్డను అప్పగించి వెళ్తారు. ఆమెకు ఎంత ఇస్తున్నారని అడిగితే, “ఆమె మా ఇంటి మనిషే కదా హజ్రత్! పండుగకు చీర పెడతాం, కూర పంపుతాం” అంటారు. ఈ చీరా కూరా మన ఊరి వోచర్లన్నమాట!

ఇది చెల్లుతుందా? మదర్సాలలో మేము బోధించే ‘హిదాయా’లో ఈ చర్చ ఉన్నది. పాలిచ్చే దాదిని తిండికీ బట్టకూ కుదుర్చుకోవచ్చునని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. వేతనం ఎంతో తెలియదు గనుక చెల్లదని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఇమామ్ గారు చూపిన కారణం గమనించదగినది: బిడ్డపై మమకారంతో జనం దాదికి ధారాళంగా పెడతారు, కాబట్టి తగాదా రాదు. ధారాళమే కరువైనచోట ఆ కారణం నిలుస్తుందా? పెట్టే చీర నెల కూలీలో ఎన్నోవంతు? మా దృష్టిలో నేటి పరిస్థితికి శిష్యుల మాటే తగినది.

బనూ సఅద్ స్త్రీలు మక్కాకు వచ్చింది కూడా ప్రతిఫలం ఆశించే. తండ్రిలేని బిడ్డ అని దైవప్రవక్త (సఅసం)ను తీసుకోవడానికి వారు వెనుకాడారు. హజ్రత్ హలీమా (రజి) తీసుకున్నారు. కూలీ అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. తల్లిదండ్రులు దాదిని నియమించుకుంటే న్యాయంగా చెల్లించాలన్నది దివ్యఖుర్ఆన్ ‘బఖరా’ 233వ ఆయతులోని ఆదేశం.

ఇంకొకటి. రమజానులో ఖాలాకు జకాత్ ఇచ్చి, దానినే జీతంగా లెక్కగట్టేవారున్నారు. అలా జకాత్ నెరవేరదు. ఆమె పేదరాలైతే జకాత్ వేరు, కూలీ వేరు.

ఎన్ని గంటలు, నెలకు ఎంత అన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి. బిడ్డకు జ్వరం వచ్చి మీరే ఇంట ఉంచుకున్న రోజు సంగతి కూడా! నెలకు కుదిరిన మనిషి పనికి సిద్ధంగా ఉన్నంతకాలం ఆ రోజు కూలీ ఆమెదే.