టాటాగారి నాలుగు సంకల్పములు

మహావ్యాపారములు ఒక్క దినమున నేర్పడవు. 1839లో నవసారియందు జన్మించిన జంషెడ్జీ టాటాగారు 1868లో 21,000 రూపాయల మూలధనముతో బొంబాయిలో వర్తకపు కంపెనీని స్థాపించిరి. ప్రత్తి పండు సీమకు చేరువనుండ వలెనని యోచించి, 1877లో నాగపురమున బట్టలమిల్లును తెరచిరి. అంతటితో తృప్తి నొందక ఉక్కు కర్మాగారము, జలవిద్యుత్తు, విజ్ఞానశాస్త్ర సంస్థ, మేలైన హోటలు అను నాలుగింటిని సంకల్పించిరి.

వీనిలో 1903లో బొంబాయియందు తెరువబడిన తాజ్‌మహల్ హోటలును మాత్రమే వారు కన్నులార చూచిరి; 1904లో మరణించిరి. అయినను పని నిలువలేదు. ఏలయన, ఉక్కు పరిశ్రమకై అమెరికా నిపుణులను ముందుగనే నియోగించిరి. విజ్ఞానసంస్థకు తమ యాస్తిలో భాగమును కేటాయించిరి. కావున కుమారులును సహచరులును 1907లో ఉక్కు కంపెనీని, 1910లో జలవిద్యుత్ కంపెనీని స్థాపించిరి. 1909లో బెంగుళూరున విజ్ఞానసంస్థ వెలసెను. 1912లో ఉక్కు తయారయ్యెను.

తాను లేకున్నను సాగునట్లు పనిని తీర్చుటయే వారి నిజమైన మూలధనము.